పోల్ మీద ఇన్వర్ట్: ముందు దిగడం, తర్వాతే ఎక్కడం

"మూడు నెలలైంది. పోల్ డాన్స్‌లో పోల్ చుట్టూ తిరిగే స్పిన్‌లు వచ్చాయి, పోల్ పైకెక్కే క్లైంబ్ వచ్చింది, తలకిందులవుదామంటే కాళ్లు మాత్రం పైకి లేవట్లేదు. ఏం చేయాలి?" ఈ ప్రశ్నకి ఒక్కొక్కరికీ విడిగా రెండు ముక్కల్లో జవాబు చెబితే, వారం తిరక్కుండానే మళ్లీ అదే ప్రశ్న వస్తోంది. అందుకని ఈసారి మొత్తం ఒకేచోట, చేయాల్సిన వరుసలోనే రాస్తున్నాను.

ముందే ఒక మాట. కాళ్లు లేవకపోవడం కాళ్ల తప్పు కాదు. చేతులు వంచి, వీపు కండరాలతో ఒంటిని పోల్‌కి లాక్కుని, ఆ బిగింపు సడలకుండా తుంటిని తలకంటే ఎత్తుకి తీసుకెళ్తే అది ఇన్వర్ట్. కాళ్లు ఆ తుంటి వెనకే వస్తాయి.

నా మొదటి ఇన్వర్ట్ ఎగిరి చేసిందే. కాలు విసిరాను, ప్రపంచం తిరగబడింది, పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు మెల్లగా దిగు" అన్నారు మా టీచర్. బస్తా జారినట్టు దబ్బున మ్యాట్ మీద పడ్డాను. అంటే నాకు ఇన్వర్ట్ రాలేదు, ఊపు వచ్చిందంతే. ఆరోజునుంచి నా లెక్క ఒకటే: 5 సెకన్లు పట్టి దిగలేని చోటికి ఎక్కకూడదు. కింద ఉన్న క్రమమంతా ఆ లెక్క ప్రకారమే ఉంటుంది.

1. మీరు సిద్ధమేనా? ముందు ఈ పరీక్ష

పోల్ మీద చేసేవి కుడి, ఎడమ రెండు వైపులా చేసి చూసుకోండి. ఒక వైపే వస్తే రానట్టే లెక్క.

- నేలమీదినుంచి మొదలుపెట్టి, ఆగకుండా రెండు క్లైంబ్‌లు ఎక్కి, జారకుండా దిగడం
- పోల్ సిట్‌లో తొడలతో బిగించి కూర్చుని, ఒక చేయి వదిలి 5 సెకన్లు ఉండటం
- పోల్‌ని గడ్డం ఎత్తులో రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు వంచి ఉంచి, రెండు కాళ్లూ నేలనుంచి లేపి 10 సెకన్లు నిలవడం
- వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ఛాతీకి తెచ్చి, ఊపు లేకుండా తుంటిని నేలనుంచి లేపడం, 8 సార్లు

ఒకటి రెండు తప్పితే కంగారేమీ లేదు. 4, 5 అంకెల కింద ఉన్న వ్యాయామాలు నెలరోజులు చేసి మళ్లీ ఈ పరీక్షకి రండి.

ఇంకో పరీక్ష ఆరోగ్యానిది. తలకిందులైనప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. గ్లాకోమా, రెటీనా సమస్యలు, అదుపులో లేని రక్తపోటు, మెడ డిస్క్ నొప్పి, గర్భం, ఈమధ్యే జరిగిన ఆపరేషన్... వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌ని అడగండి. టీచర్ మాట దీనికి చాలదు. తిన్నాక కనీసం 2 గంటలు ఆగండి. ఎందుకో ఒకసారి అనుభవమైతే ఇక మర్చిపోరు.

2. పోల్, మ్యాట్, బట్టలు

పోల్ మందం ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 45 మిల్లీమీటర్లు. పాతవాటిలో 50 కూడా ఉంటాయి. చిన్న చేతులవాళ్లకి 50 మీద వేళ్లు చుట్టూ తిరగవు, ముంజేయి త్వరగా అలిసిపోతుంది. మీ పట్టు బలహీనమని నిర్ణయించుకునే ముందు మీరు పట్టుకున్న పోల్ మందమెంతో కనుక్కోండి.

తిరిగే పోల్ అయితే లాక్ చేసి, కదలని పోల్ మీదే నేర్చుకోండి. తిరుగుతున్నప్పుడు కాళ్లు బయటికి లాగేస్తుంటాయి, వాటిని దగ్గరికి తెచ్చుకోవడానికే సగం బలం ఖర్చవుతుంది.

ఇంట్లో బిగించుకున్న పోల్ అయితే, అది నేలకీ పైకప్పుకీ మధ్య ఒత్తిడితో నిలబడే రకమైతే, పైభాగం గట్టి స్లాబుకో దూలానికో ఆనాలి. ఫాల్స్ సీలింగ్‌కి ఆనించడం ప్రమాదం. నిటారుగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడాలి, స్క్రూలు ప్రతిసారీ బిగించి చూడాలి.

మ్యాట్ 10 సెంటీమీటర్ల మందానికి తగ్గకుండా, పోల్ చుట్టూ అమరేలా ఉండాలి. మ్యాట్ దెబ్బని తగ్గిస్తుంది, మెడని కాపాడుతుందన్న హామీ మాత్రం ఏమీ ఇవ్వదు. ఇన్వర్ట్ మొదటి వారాల్లో పక్కన తెలిసిన మనిషి ఉండాల్సిందే.

బట్టల విషయం సిగ్గుతో తేల్చేది కాదు. తొడల లోపలి భాగం, మోకాటి వెనక మడత, నడుము పక్క, మోచేతి మడత... పోల్‌ని నిజంగా పట్టుకునేది ఈ చర్మమే. లెగ్గింగ్స్ వేసుకుని తలకిందులైతే కాళ్లకి పట్టు దొరకదు, భారమంతా చేతుల మీదే పడుతుంది. పొట్టి షార్ట్స్ తప్పనిసరి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. అవి పోల్‌ని గీస్తాయి, మిమ్మల్నీ గీస్తాయి.

3. పట్టు జారేది ఎక్కడ?

"నాకు పట్టు లేదు" అనేవాళ్లలో చాలామందికి గుప్పిట బలం బాగానే ఉంటుంది. పోల్ మీద పట్టు మూడు చోట్ల తయారవుతుంది: చర్మం, చేయి, భుజం. ఏది జారుతోందో తెలియకుండా గ్రిప్పర్ కొనుక్కుని గంటలకొద్దీ నొక్కితే మోచేయి నొప్పి తప్ప ఏమీ రాదు.

చర్మం సంగతి ముందు. క్లాస్ ఉన్న రోజు, వీలైతే ముందురోజునుంచే, ఒంటికి నూనె, లోషన్, మాయిశ్చరైజర్ రాయకండి. తొడలకి రాసిన లోషన్ మీ పోల్‌నే కాదు, మీ తర్వాత ఎక్కేవాళ్ల పోల్‌ని కూడా పాడుచేస్తుంది.

క్రోమ్, స్టెయిన్‌లెస్ స్టీల్ పోల్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. ఇత్తడికీ, రంగు పూతవాటికీ తయారీదారు ఏం వాడమన్నారో చూసి అదే వాడండి. తుడిచాక అరచేతిని పోల్‌కి ఆనించి మెల్లగా కిందికి లాగండి. చర్మం కీచుమని అంటుకుంటూ ఆగి ఆగి వస్తే పోల్ సిద్ధం. చప్పుడు లేకుండా జారిపోతే ఇంకా జిడ్డుంది, మళ్లీ తుడవండి. చల్లగా ఉన్న లోహం కూడా జారుతుంది, కాసేపు చేతులతో, తొడలతో రుద్ది వెచ్చబరచండి.

మీ చేతులు ఎలాంటివో చూసుకుని గ్రిప్, అంటే పట్టు కోసం రాసుకునేది, ఎంచుకోవాలి.

- చెమట చేతులు: లిక్విడ్ చాక్. మెగ్నీషియం కార్బొనేట్ పొడిని ఆల్కహాల్‌లో కలిపినదే ఇది. శనగగింజంత వేసి, రెండు చేతులకీ రుద్ది, పూర్తిగా ఆరాకే పోల్ ముట్టుకోవాలి. తడిగా ఉండగానే పట్టుకుంటే ఇంకా జారుతుంది.
- పొడి చేతులు: చాక్ వేస్తే మరింత అధ్వాన్నం. జిగురుగా ఉండే రకం గ్రిప్ కొంచెం చాలు. నీళ్లు చిలకరించి తుడుచుకున్నా కొందరికి సరిపోతుంది.
- చేతులకి చెమట, కాళ్లు పొడి: చాలామంది ఈ రకమే. చేతులకి చాక్, తొడలకి జిగురు. రెండూ కలవనివ్వకండి.

చర్మం తడిసిపోతే మనకి తెలియకుండానే వేళ్లతో ఇంకా గట్టిగా నొక్కుతాం. నొక్కేకొద్దీ ముంజేయి అలిసిపోతుంది, అలిసేకొద్దీ జారుతుంది. ఒకసారి మీ వేలి కణుపులు చూసుకోండి. మామూలు స్పిన్‌లోనే అవి తెల్లబడిపోతున్నాయంటే అవసరానికి మించి నొక్కుతున్నారు. క్లాస్ మొదటి పది నిమిషాల్లోనే ముంజేతులు రాళ్లలా బిగుసుకుపోవడానికి కారణం అదే.

చేయి సంగతి. అరచేయంతా పోల్‌కి తగలాలి, బొటనవేలు ఎదురువైపునుంచి చుట్టుకోవాలి, చిటికెన వేలు కూడా పని చేయాలి. చూపుడువేలు, బొటనవేలు మాత్రమే బిగించి మిగతా మూడింటినీ సోమరిగా వదిలేసేవాళ్లు చాలామంది.

ఇక భుజం. ఇది ఎవరూ చూడరు. భుజాలు చెవుల దాకా ఎక్కి ఉంటే వీపు కండరాలు పనిలోకి రావు, బరువంతా వేళ్ల మీద వేలాడుతుంది. భుజాలని కిందికి దించి, వీపు మీది రెక్క ఎముకలని లోపలికి బిగించి పట్టుకోండి. అదే గుప్పిట, అదే పోల్, పట్టు మాత్రం రెట్టింపైనట్టు అనిపిస్తుంది. నమ్మకపోతే ఇప్పుడే తలుపు గడియ పట్టుకుని రెండు రకాలుగానూ లాగి చూడండి.

4. పట్టు పెంచే వ్యాయామాలు

పుల్-అప్ బార్ మీద నిమిషం వేలాడగలిగినవాళ్లు కూడా పోల్ మీద జారిపోవడం చూసి ఆశ్చర్యపోతుంటారు. బార్ అడ్డంగా ఉంటుంది, వేళ్లు కొక్కేల్లా దాని మీద కూర్చుంటాయి. పోల్ నిలువుగా ఉంటుంది, కొక్కెం వేయడానికి చోటు లేదు, ఒరిపిడితోనే నిలబడాలి. అందుకని బార్ ఒక్కటే చాలదు.

- టవల్ వేలాడటం: బార్ మీద దళసరి టవల్ వేసి రెండు అంచులూ కలిపి పట్టుకుని వేలాడాలి. పోల్ పట్టుకి ఇదే బాగా దగ్గర. 10 సెకన్లతో మొదలుపెట్టి 25 దాకా, 3 సార్లు. మొదట్లో కాళ్లు నేలకి ఆనించి సగం బరువే వేయండి.
- భుజం దించుకుంటూ వేలాడటం: బార్‌కి చేతులు చాచి వేలాడి, మోచేతులు వంచకుండా భుజాలని చెవులనుంచి కిందికి లాగి, 2 సెకన్లు ఆపి వదలాలి. 8 సార్లు చొప్పున 3 విడతలు. కదలిక రెండు మూడు అంగుళాలే ఉంటుంది, చూడ్డానికి ఏమీ చేస్తున్నట్టు ఉండదు. పట్టించుకోకండి.
- పోల్ హోల్డ్: చేతులు గడ్డం ఎత్తులో, మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా, కాళ్లు లేపి నిలవడం. 5 సెకన్లనుంచి 15 దాకా. ఒక్కో వైపు 3 సార్లు.
- వేళ్లు తెరవడం: రబ్బరు బ్యాండ్‌ని అయిదు వేళ్ల చుట్టూ వేసి తెరిచి మెల్లగా మూయాలి, 20 సార్లు. మూసే కండరాలకే ఎప్పుడూ పని చెబితే మోచేయి ఎదురు తిరుగుతుంది. చిన్న పని కదా అని అందరూ ఎగ్గొట్టేది ఇదే.
- మణికట్టు తిప్పడం: ఒక చివర బరువుండే వస్తువుని, సుత్తి లాంటిదాన్ని, రెండో చివర పట్టుకుని మోచేయి కదపకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పాలి. ఒక్కో వైపు 10 సార్లు.

వేలాడే వ్యాయామాలు క్లాస్ చివర చేయండి. ముందే పట్టు ఖాళీ చేసుకుని తలకిందులైతే నేలే దిక్కు.

5. లాగే బలం, పొట్ట బలం

ఇన్వర్ట్‌లో పొట్ట రెండు పనులు చేయాలి: మోకాళ్లని ఛాతీకి తేవాలి, ఆపైన నడుము గుండ్రంగా చుట్టి తుంటిని లేపాలి. మామూలు క్రంచ్‌లు ఎన్ని చేసినా ఈ రెండో పని నేర్పవు, ఎందుకంటే వాటిలో లేచేది తల. మనకి లేవాల్సింది తుంటి.

- రివర్స్ క్రంచ్: వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చి, తుంటి, ఆ తర్వాత నడుము ఒక్కో పూసా లేస్తున్నట్టు చుట్టి, దిగడానికి 4 సెకన్లు తీసుకోండి. 8 చొప్పున 3 విడతలు.
- హాలో హోల్డ్: వెల్లకిలా పడుకుని నడుము నేలకి అదిమి, తల, భుజాలు, కాళ్లు కొంచెం లేపి ఉంచాలి. నడుము కింద సందు పడిందంటే కాళ్లు ఇంకా ఎత్తులో ఉంచండి. 15 సెకన్లనుంచి 30 దాకా.
- కూర్చుని కాళ్లు లేపడం: కాళ్లు చాచి కూర్చుని, అరచేతులు మోకాళ్ల పక్కన నేలకి ఆనించి, వెనక్కి వాలకుండా కాళ్లని నేలనుంచి లేపాలి. అంగుళం లేచినా చాలు. తొడ పైభాగం పట్టేస్తుంది, అది మామూలే.
- లాగడం: బార్ ఉంటే, స్టూల్ మీదినుంచి గడ్డం బార్ పైకి ఉంచి మొదలుపెట్టి 5 సెకన్లలో దిగడం, 5 సార్లు. లేకపోతే గట్టి బ్యాండ్‌ని పైన కట్టి కిందికి లాగండి, మోచేతులు పక్కటెముకలకి తగిలేదాకా.

ఒక్క పుల్-అప్ కూడా రాకపోయినా ఇన్వర్ట్ వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. పుల్-అప్ వస్తే మంచిదే గానీ, అది ముందు రావాలని పట్టుబట్టకండి.

6. నేలమీద ఇన్వర్ట్

ఇది దాటేసేవాళ్లే ఎక్కువ. దయచేసి దాటకండి.

పోల్‌కి తల దగ్గరగా, కాళ్లు దూరంగా పెట్టి వెల్లకిలా పడుకోండి. చేతులు తల వెనక్కి చాచి పోల్ అడుగుభాగాన్ని రెండు చేతులతో పట్టుకోండి. మోచేతులు కొంచెం వంచి, పోల్‌ని మీవైపు లాగుతున్నట్టు బిగించండి. ఇప్పుడు మోకాళ్లు ఛాతీకి, తుంటి పైకి, తర్వాత కాళ్లు పోల్‌కి రెండువైపులా విడదీయండి. ఒక క్షణం ఆగి, అదే దారిలో వెనక్కి, 5 సెకన్లలో దిగండి.

గడ్డం ఛాతీవైపే ఉండాలి. భారం భుజాల మీద పడాలి, మెడ మీద కాదు. మెడ నొక్కుకుంటున్నట్టు అనిపిస్తే తుంటిని అంత దూరం తీసుకెళ్లక్కర్లేదు.

ఇలా 6 సార్లు చొప్పున 3 విడతలు, దిగేటప్పుడు ఎక్కడా దబ్బున పడకుండా వచ్చేదాకా. ఎక్కడ పడుతున్నారో చూసుకోండి. సగం దారిలో పడితే పొట్ట చాలట్లేదు, చివర్లో పడితే తుంటి ముందు కండరాలు చాలట్లేదు.

7. నిలబడి దిగడం నేర్చుకోవడం

రెండు మెట్లు.

మొదటిది ఒంటరిగా చేయొచ్చు. పోల్ పట్టుకుని, కాలి వేళ్లతో చిన్న తోపు ఇచ్చి, మోకాళ్లు ఛాతీకి తెచ్చి, వీపు కాస్త వెనక్కి వాల్చి సగం ఇన్వర్ట్ దగ్గర ఆగండి. తుంటి ఇంకా తలకంటే కిందే ఉంటుంది. అక్కడ 2 సెకన్లు ఉండి 5 సెకన్లలో పాదాలు నేలకి తాకించండి. తాకేది వేళ్ల చివరలతో, చప్పుడు లేకుండా.

రెండోది మనిషి సాయంతో. సాయం చేసేవారు మీ వీపు వైపు, కాళ్లు తగలని చోట నిలబడి, ఒక చేయి తుంటి కింద, ఇంకో చేయి భుజాల వెనక పెట్టాలి. చీలమండలు పట్టుకోవడం సాయం కాదు. పైకి వాళ్లు లేపుతారు, కిందికి మీరు దిగాలి, మోచేతులు వంచి ఉంచే. చేతులు చాచేస్తే ఆ క్షణమే వేగం పెరుగుతుంది, మీకే తెలుస్తుంది.

రెండు వైపులా 3 చొప్పున, మాట్లాడుతూ దిగగలిగేంత నెమ్మదిగా వచ్చాయంటే, ఎక్కే బలం మీకు వచ్చేసినట్టే. చాలామంది ఈ దశలో ఒకరోజు సాయం లేకుండానే లేచిపోయి తెల్లబోతారు.

8. అసలు ఇన్వర్ట్, మెట్టు మెట్టుగా

ముందు 10–15 నిమిషాల వార్మప్: ఒళ్లు వేడెక్కేదాకా కదలడం, మణికట్లు, భుజాలు, నడుము, తొడల లోపలి భాగం, రెండు క్లైంబ్‌లు. చల్లని భుజంతో ఇన్వర్ట్ ప్రయత్నించకండి.

1. పోల్ మీ పక్కన, భుజానికి ఆనుకునేంత దగ్గరగా. అడుగు దూరంలో నిలబడితే ఆ అడుగు దూరాన్నీ బలంతో కొనాలి.

2. రెండు చేతులూ ఛాతీకీ గడ్డానికీ మధ్య ఎత్తులో, ఒకదానికొకటి దగ్గరగా. ఏ చేయి పైన అన్నది టీచర్‌ని బట్టి మారుతుంది, మీకు నేర్పినట్టే ఉంచండి. మోచేతులు వంచే ఉండాలి, పక్కటెముకలకి అతుక్కునే ఉండాలి.

3. భుజాలు కిందికి. ఊపిరి తీసుకోండి.

4. ఊపిరి వదులుతూ మోకాళ్లని ఛాతీకి లాక్కోండి, రెండూ కలిసి. అదే సమయంలో తలా భుజాలూ వెనక్కి వాలాలి. తక్కెడలో ఒక పళ్లెం దిగితేనే రెండోది లేస్తుంది, ఇక్కడ దిగే పళ్లెం మీ భుజాలు. వెనక్కి వాలాలంటే భయమేసి నిటారుగానే ఉండి కాళ్లు లేపబోయేవాళ్లకి తుంటి ఎప్పటికీ లేవదు.

5. మోకాళ్లు విప్పకుండా తుంటిని చుట్టి పోల్‌వైపు పైకి పంపండి. ఈ ఒక్క క్షణమే కష్టం. ముడుచుకున్న ఒళ్లు తేలిక, చాచిన కాళ్లు బరువు. ముందే కాళ్లు చాచేస్తే అదే బరువుని దూరంనుంచి మోస్తున్నట్టు.

6. తుంటి తలకంటే పైకి వెళ్లాకే కాళ్లు పోల్‌కి రెండువైపులా విడదీయండి. చాపర్ అంటారు దీన్నే. పోల్ ఇప్పుడు కాళ్ల మధ్య ఉంటుంది.

7. క్లైంబ్‌లో కాళ్లు ఎలా పెడతారో అలాగే, ఒకటి ముందునుంచి ఒకటి వెనకనుంచి, పోల్‌ని పట్టండి. తొడల లోపలి భాగం గట్టిగా నొక్కండి. దీన్ని ఇన్వర్టెడ్ క్రుసిఫిక్స్ అంటారు. కొత్తవాళ్లకి ఇదే మొదటి ఇల్లు. కాళ్లు నిజంగా పట్టాయని తెలిసేదాకా చేతులు వదలకండి. మొదటి నెల అసలు వదలకండి.

8. దిగడం: చేతుల పట్టు సరిచూసుకుని, కాళ్లు విప్పి, మళ్లీ మోకాళ్లు ముడిచి, మోచేతులు వంచి, 5 సెకన్లలో.

ఒకవేళ మధ్యలో బలం అయిపోతే చేతులు వదలొద్దు, గడ్డం ఛాతీకి తెచ్చి, ముడుచుకుని జారండి. కాళ్లూ చేతులూ రెండూ ఒకేసారి వదలడమొక్కటే చేయకూడని పని.

ఒక కాలి మడతతో వేలాడటం ఇంకో రోజుకి. ఆ వేలాడే భంగిమల పేర్లతో జాగ్రత్త: ఒకచోట జెమినై అనేదాన్ని ఇంకోచోట స్కార్పియో అంటారు. పేరు చెప్పి వదిలేయకుండా "లోపలి కాలా, బయటి కాలా" అని అడగండి.

9. తప్పులు, వాటికి మందు

కాలు విసరడం. అన్నింటికన్నా మొండి జబ్బు ఇదే. ఫోన్ పక్కన పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీసుకోండి. ఒక పాదం నేలనుంచి ముందుగా లేచి రెండోది వెనకనుంచి ఎగురుతోందా? అదే విసురు. నావి తీసిన మొదటి వీడియోలో కుడి మడమ నేలని తన్నడం స్పష్టంగా కనిపించింది. "నేను తన్నట్లేదు" అని అప్పటిదాకా ప్రమాణం చేసేదాన్ని. మందు: రెండు పాదాలూ కలిపి, లేవడానికి ముందు కాలి వేళ్ల మీద 2 సెకన్లు ఆగండి. ఆగితే ఊపు చచ్చిపోతుంది, ఉన్న బలమెంతో బయటపడుతుంది. లేవకపోతే 7వ అంకె కింద చెప్పిన దిగడానికి తిరిగి వెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు.

చేతులు చాచేయడం. కాళ్లు లేచేకొద్దీ మోచేతులు విప్పుకుంటూ పోతాయి. పోల్ హోల్డ్ ఇంకా చాలలేదని అర్థం. వంచిన చేతులతో ముడుచుకుని 8 సెకన్లు ఉండగలిగేదాకా అదే చేయండి.

ఊపిరి బిగబట్టడం. ముఖం ఎర్రబడుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. లేచేటప్పుడు "హూ" అని పైకి వినబడేలా వదలండి.

తుంటి పోల్‌నుంచి పక్కకి పోవడం. మొదట్లోనే పోల్‌కి దూరంగా నిలబడ్డారు.

తల విరగదీసి నేలని చూడటం. ఎత్తు చూసి భయమూ వేస్తుంది, మెడా నలుగుతుంది. ముడుచుకునేటప్పుడు మోకాళ్లని, తిరగబడ్డాక పాదాలని చూడండి.

తొడలు మండటం. ఇది తప్పు కాదు. కొత్తలో చర్మం మండుతుంది, కమిలిన మచ్చలు పడతాయి. వాటిని ముద్దుగా పోల్ కిసెస్ అంటారు. ఒకేచోట రోజూ రుద్దకుండా మధ్యలో రోజు వదిలితే చర్మం అలవాటు పడుతుంది. తోలు ఊడితే మాత్రం మానేదాకా ఆగాలి.

10. వారం లెక్క, ఆగాల్సిన చోటు

వారానికి 3 రోజులు, రెండు రోజుల మధ్య ఒక రోజైనా ఖాళీ. ఒక్కో రోజు గంట చాలు.

- 1–4 వారాలు: 4, 5 అంకెల వ్యాయామాలు, నేలమీద ఇన్వర్ట్
- 5–8 వారాలు: నేలమీద ఇన్వర్ట్, సగం ఇన్వర్ట్, సాయంతో దిగడం
- 9–12 వారాలు: సాయంతో పూర్తి ఇన్వర్ట్, రోజుకి ఒక్కో వైపు 5 ప్రయత్నాలకి మించకుండా

ఒంట్లో అలుపు లేనప్పుడే ఇన్వర్ట్, ఆ తర్వాత బలం, చివర్లో పట్టు. ఈ వరుస మార్చకండి. వారాలు మాత్రం మీ ఒంటిని బట్టి సాగుతాయి. నాకు ఈ మూడు దశలకీ అయిదు నెలలు పట్టింది.

అయిదు నెలలు ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. కండరం త్వరగా బలపడుతుంది, దాన్ని ఎముకకి కట్టే టెండన్ నెమ్మదిగా బలపడుతుంది. ఇన్వర్ట్ వస్తోందన్న హుషారులో నేను వారానికి 5 రోజులు చేశాను. మోచేతి లోపలివైపు సన్నగా సలపడం మొదలైంది. వేడెక్కితే తగ్గిపోయేది, కాబట్టి ఏమీ కాదనుకున్నాను. ఒక పొద్దున సీసా మూత తిప్పబోతే చెయ్యి రాలేదు. దాన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారని అప్పుడు తెలిసింది. రెండు నెలలు పోల్ ముట్టుకోలేదు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆరోజుకి ఆపండి:

- మోచేయి, మణికట్టు, భుజంలో ఒకే చుక్క దగ్గర సూది గుచ్చినట్టు నొప్పి
- మర్నాడు పొద్దున కూడా తగ్గని మోచేతి నొప్పి
- వేళ్లలో తిమ్మిరి, జలదరింపు
- తలకిందులై వచ్చాక తలనొప్పి, చూపు మసకబారడం

మొదటి రెండూ వారంలో తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. చివరి రెండింటికీ వారం ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

11. రెండో వైపు

అందరికీ ఒక "మంచి వైపు" ఉంటుంది. రెండోదాన్ని "తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత రాదు. పైగా ఒక భుజమే ఎప్పుడూ లాగుతుంటే అదే ముందు అరుగుతుంది.

ప్రతిసారీ బలహీనమైన వైపుతోనే మొదలుపెట్టండి. అది ఎన్ని చేయగలిగితే బలమైన వైపూ అన్నే, ఒక్కటి కూడా ఎక్కువ కాదు. రెండు వారాలకోసారి రెండు వైపులా దిగడాన్ని వీడియో తీసి, పాదాలు నేలకి తాకేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. రెండు అంకెలూ ఒక సెకను తేడాలోకి వచ్చేదాకా కొత్త ట్రిక్ మొదలుపెట్టకండి.